దండాలు కావవి, దండీలు

మొన్న మా ఊరి గుళ్ళో సింహాద్రి అప్పన్న పూజకి వెళ్ళినప్పుడు, భజన నడిపించే పెద్దాయన ఆడపిల్లలందరినీ దీపం ముందు కూర్చోబెట్టి, నా వైపు చెయ్యి చూపించి, ఈ అమ్మ మీ వయసులో స్వామికి రోజూ సాష్టాంగ దండాలు పెట్టి టీచరు ఉద్యోగం సంపాదించింది, మీరేమో టెలివిజన్ ముందు నుంచి లేవరు అని మళ్ళీ మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళుగా ఈ కథ వింటున్నాను. ఏటేటా అందులో దండాలు పెరుగుతున్నాయి, నా భక్తి పెరుగుతోంది, నేను అడ్డం చెప్పే మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కడం లేదు. కనుక ఆ రోజులు చూసినవాళ్ళు ఇంకా కొందరైనా చదువుతారన్న ఆశతో కాగితం మీద పెడుతున్నాను. నేను ఏ మొక్కూ మొక్కలేదు. నేను పెట్టినవి దండాలు కావు, తీసినవి దండీలు. కండలు పెంచడానికి మగపిల్లలు నేలమీద బోర్లా పడుకుని చేతుల మీద పైకి లేస్తారే, అవి.

అప్పటికి మన ముత్తాతలు చెరకు తోటల కోసం ఓడ దిగిన ఈ దీవి మీద ఇంకా తెల్లదొరల రాణిగారి జెండాయే ఎగురుతోంది. నేను కాలేజీ ముగించాను. మన దగ్గర కాలేజీ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు గాని, ఇండియా నుంచి వచ్చే పంతుళ్ళకి మాత్రం అది హైస్కూలేనని ప్రతిసారీ ఒప్పుకోవలసి వస్తుంది, అప్పుడు వాళ్ళ మొహంలో కనిపించే జాలి నాకు బొత్తిగా గిట్టదు. సరే, ఆ సంగతి వదిలేద్దాం. టీచర్ల శిక్షణకి నేను ఎంపికయ్యాను, బెల్ ఎయిర్ రివియేర్ సెష్‌లో మా వీధి నుంచి అంతదూరం వెళ్ళిన మొదటి ఆడపిల్లని. ఇక మిగిలింది ఒక్క వైద్య పరీక్ష. ఆ దొర డాక్టరు నా జబ్బని రెండు వేళ్ళతో పట్టుకుని, బజారులో వంకాయ పుచ్చిందేమో చూసినట్టు నొక్కి, ఊపిరి పీల్చమన్నాడు. పీల్చాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను. నల్లబల్ల తుడిస్తే పడిపోయేలా ఉన్న మనిషికి తరగతి అప్పగించలేనని, చెరకు కోతలు ముగిశాక మళ్ళీ రమ్మని, అప్పటికీ ఇలాగే ఉంటే ఆ చోటు ఇంకొకరికి పోతుందని చెప్పి పంపేశాడు.

మా నాన్న కోపిష్టి కాదు, కాకపోతే ముందుచూపు మరీ ఎక్కువ. ఆ వారమే మాంటాన్ బ్లాంష్‌కి వెళ్ళి, మేనత్త దుకాణంలో ఉప్పుచేపలు తూచే పని నాకోసం మాట్లాడి వచ్చాడు. డాక్టరు రెండోసారి వద్దంటే నా దారి అటే. ఉప్పుచేప మీద నాకు ద్వేషమేమీ లేదు, ఎవరైనా టమాటా రుగాయ్ కూరలో వేసి పెడితే ఇప్పటికీ వద్దనను. కానీ అంత ఫ్రెంచి వ్యాకరణం, అంత ఆల్జీబ్రా మింగింది చేప తోక పట్టుకుని త్రాసులో వెయ్యడానికా అని నాతో నేనే రెండు రోజులు వాదించుకున్నాను. నేనే గెలిచాను.

వీధి పిల్లలకి అక్షరాలు చెప్పగా వచ్చిన చిల్లర రుమాలు కొసకి కట్టి ఉండేది. ఆ ముడి విప్పి ఒంటికి బలం కొనుక్కోవాలని నిశ్చయించాను. ఇప్పుడు మా మేనకోడలు కాత్ర్ బోర్న్‌లో అద్దాల గదికి నెలనెలా డబ్బు కట్టి, కదలని సైకిలు తొక్కి, అలసిపోయానంటూ కారెక్కి ఇంటికి వస్తుంది. ఆ పిల్ల వేసుకునే బూట్ల ఖరీదుకి ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి చెప్పులొచ్చేవి. నా రుమాలు కొసకి వచ్చింది ఒక్కటే, బజారులో పాతసామాన్లమ్మే చీనా ముసలాయన దగ్గర వేలాడుతున్న యంత్రం. రెండు కొయ్యపిడులు, వాటి మధ్య ఇనుప స్ప్రింగులు. రెండు పిడులనీ చెరోవైపుకీ లాగితే ఛాతీ విశాలమవుతుందన్నాడు. ఆయన ఛాతీ చూస్తే ఆయనెప్పుడూ లాగినట్టు లేదు, ఆ మాట అనేశాను కూడా. అందుకు ధర కొంచెం తగ్గించాడు.

పెరట్లో మొదటిరోజు లాగాను. లాగినంతసేపూ బాగానే సాగింది, తిరిగి ముడుచుకునేటప్పుడు మాత్రం నా జడని కూడా తనతో తీసుకుపోయింది. అమ్మ కత్తెర తెస్తానంది. నేను కేక పెట్టాను. ఆ కేకకి పక్కింటివాళ్ళు కంచె దగ్గరికి, నాన్న పెరట్లోకి వచ్చారు. నాన్న జడ విడిపించి, మా ఇంటి ఆడపిల్ల కుస్తీలకి దిగేంత కాలం ఇంకా రాలేదు, ఇలాంటి వేషాలు ఇంకోసారి కంటబడితే డాక్టరు దాకా కూడా పోనక్కర్లేదు, నేరుగా మాంటాన్ బ్లాంషే అన్నాడు. యంత్రం విప్పి స్ప్రింగులు కోళ్ళగూడు తలుపుకి బిగించాడు. ఆ తలుపు ఎంత చురుగ్గా మూసుకునేదంటే, కోళ్ళు లోపలికి వెళ్ళేముందు తోక సంగతి ఆలోచించుకోవలసి వచ్చేది. నా సొమ్ముతో ముందుగా బలపడింది కోళ్ళగూడు.

మిగిలిన చిల్లరతో గుడ్లు కొన్నాను. మా కోళ్ళు పెట్టిన గుడ్లే అమ్మ వీధి చివరి దుకాణానికి అమ్మేది, నేను వెనకాలే వెళ్ళి వాటినే ఎక్కువ ధరకి కొనేదాన్ని. ఇంతకంటే తెలివితక్కువ వ్యాపారం ఏ చక్కెర కంపెనీ కూడా చేసి ఉండదు.

పోర్ట్ లూయీ రేవులో మూటలు మోసే చిన్నాన్న ఒక ఆదివారం వచ్చి, నా అవస్థ విని, పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఏవే తిఫీ, రుమాల్లో లార్జాన్ ఎందుకు తగలేస్తావ్? నేల ఫ్రీ, చేతులు ఫ్రీ. దండీ తియ్!”

రేవులో భోజ్‌పురి పహిల్వాన్ల దగ్గర నేర్చుకున్న ఆ దండీలు అక్కడే తీసి చూపించాడు. కాని డబ్బు లేకుండా చేసే పనికీ చోటు కావాలి కదా. పెరట్లో నాన్న కళ్ళు, వసారాలో అమ్మ బియ్యపు చేట. మనిషి నిలువునా చాపుకోగలిగిన నేల మా ఇంట్లో ఒక్కచోటే ఉండేది, లోపలిగదిలో అప్పన్న స్వామి పటం ముందు. అక్కడ చాప పరిచి మొదలుపెట్టాను. మొదటిసారి పైకి లేవలేదు. రెండోసారి గడ్డం లేచింది, మిగతా నేను లేవలేదు. కొన్నాళ్ళకి మోచేతులు నా మాట వినడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం మా అవ్వ, నాన్నని కన్న తల్లి, దీపం పట్టుకుని గదిలోకి వచ్చింది.

“ఆయో! కి తో పే ఫేర్ లా? నేలమీద ఏం చేస్తన్నావే?”

ఊపిరి అందక, “దండీలు, అవ్వా” అన్నాను.

ఇక్కడ మీరు మన ఇళ్ళలో తెలుగు ఎలా బతికిందో ఒకసారి తలుచుకోవాలి. కూర వండేది క్రియోల్‌లో, తిట్టేది భోజ్‌పురిలో. తెలుగు అంటే అమ్మా నాన్నా అవ్వా అన్న పిలుపులు, ఆపైన దేవుడి మాటలు. దండ అన్న అక్షరాలతో మొదలయ్యే మాట మా అవ్వకి తెలిసింది ఒకటే, దాన్ని దేవుడికి పెడతారు. ఎదురుగా పటం, పటం ముందు బోర్లా పడి చెమటలు కక్కుతున్న మనవరాలు. అవ్వ దీపం కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, “గోవిందా!” అంది. మర్నాటికి వీధంతా తెలిసిపోయింది, ఉద్యోగం కోసం నేను అప్పన్నకి మొక్కుకుని దండాలు పెడుతున్నానని.

నేను ఊరుకున్నానని మాత్రం ఎవరూ అనకండి. ఇది మొక్కు కాదు, ఎక్సెర్సిస్, ఎక్సెర్సిస్ అని అవ్వ చుట్టూ తిరిగి అరిచాను.

“మొక్కులో ఉన్న పిల్ల వాదించకూడదే. నోరు ముయ్. ఇంకో నాలుగు పెట్టు” అంది అవ్వ.

పుట్టిన తర్వాత నా నోరు మూయించగలిగిన వాక్యం అదొక్కటే. దేవుడికీ కూతురికీ మధ్య అడ్డుపడే ధైర్యం నాన్నకి లేదు, గది తలుపు దగ్గరికి వస్తే చెప్పులు విప్పి నడిచేవాడు. మొక్కులో ఉన్నదాన్ని కనుక కారేమ్ పాటించాలని, అంటే చేపా మాంసమే కాక గుడ్డు కూడా ముట్టకూడదని, నా గుడ్లన్నీ తమ్ముడికి పెట్టేశారు. వాడు దున్నపోతులా తయారయ్యాడు. అది చూసి కడుపు మండినా, మరోవైపు వీధి కదిలింది. ఆవు ఉన్న ఇంటి నుంచి చెంబుడు పాలు, ఇంకో ఇంటి నుంచి అరటిపళ్ళు, భజన వాళ్ళింటి నుంచి నెయ్యి, పిస్తాష్ అని మనం పిలిచే వేరుశెనగ గింజలు వేయించినవి, పప్పు, బెల్లం. మొక్కులో ఉన్న పిల్ల నీరసపడితే పాపం వీధికే తగులుతుందట. నా రుమాలు కొస కొనలేనిదంతా గుమ్మంలోకి నడిచి వచ్చింది.

ఒకరోజు పూజారిగారు వచ్చారు. ఆడవాళ్ళు సాష్టాంగం చెయ్యకూడదు, మోకాళ్ళ మీద వంగి మొక్కాలి, అదీగాక స్వామి ఎక్కడికీ పారిపోరు, ఆ పైకీ కిందకీ తొందరేమిటి అన్నారు. ఆపించేస్తారేమోనని అవ్వ వైపు చూశాను. అప్పటికి కోతలు ముగింపుకి వచ్చాయి, డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు దగ్గరపడింది.

అవ్వ చీపురు పక్కన పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“పూజారయ్యా, నేను తోటలో చెరకు మోసిననాడు ఏ అంగం వంగాలి, ఏది వంగకూడదు అని పని చేయించే ఏ సర్దారూ అడగలేదు. మీరడుగుతారా?”

ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

రెండోసారి డాక్టరు నా జబ్బ నొక్కి, రెండో జబ్బ కూడా నొక్కాడు. ఊపిరి పీల్చమన్నాడు. పీల్చాను. రవిక హుక్కు ఒకటి టప్పున తెగి ఆయన బల్ల కిందికి ఎగిరిపోయింది. నేనూ వంగలేదు, ఆయనా వంగలేదు. ఏం చేశావని అడిగాడు. దండీలు తీశానని చేతులతో చూపించి చెప్పాను. ఈ దీవి మొత్తం మీద నా మాట నమ్మినవాడు ఆ దొర ఒక్కడే. కాగితం మీద సంతకం పెట్టేశాడు. మాంటాన్ బ్లాంష్ మేనత్త వేరే పిల్లని చూసుకుంది.

దేశానికి కొత్త జెండా వచ్చిన ఏడాది బడి ఆవరణలో నా తరగతి పిల్లల చేత చేతులు చాపించి, వంచించి, డ్రిల్లు చేయించాను. నల్లబల్ల ఎన్నిసార్లు తుడిచినా పడిపోలేదు. ఇప్పుడు బడిలో తెలుగు పాఠం ఉంది, పుస్తకంలో వ్యాయామం అన్న మాట ఉంది, పిల్లలు దాన్ని తప్పు లేకుండా రాస్తారు. మా మేనకోడలు ఏం చేస్తుందో వీధిలో అందరికీ సరిగ్గా తెలుసు, ఎవరూ ఒక మాటని ఇంకో మాటగా పొరపడరు. అలాగని ఆ పిల్లకి ఎవరింటి నుంచీ చెంబుడు పాలు రావు. ఎవరి ఒళ్ళు వాళ్ళ సొంత ఖర్చయిపోయింది.

ఇంత రాశాక కూడా భజన పెద్దాయన వచ్చే ఏడు అదే కథ చెబుతారని నాకు తెలుసు. అది నన్ను అంతగా వేధించదు, వేధించేది వేరే ఉంది. మొక్కుల విషయంలో మా అవ్వ వడ్డీవ్యాపారికంటే కఠినం. తమ్ముడికి తట్టు పోసినప్పుడు అమ్మ ఏదో కంగారులో మొక్కి మరిచిపోయిన కొబ్బరికాయని ఏళ్ళ తర్వాత గుర్తుపెట్టుకుని, బస్సు మీద బస్సు మార్పించి, షెమాన్ గ్రెనియేలో అమ్మోరి దగ్గరికి తీసుకెళ్ళి కొట్టించిన మనిషి. అలాంటి మనిషి, నేను పరీక్షలో నెగ్గి వచ్చిన రోజున తల నిమిరింది, పాయసం వండింది, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నా జీతంతో కొన్న చీరలు కట్టింది, వెళ్ళిపోయింది. బతికుండగా అడగాలని తోచలేదు, ఇప్పుడడుగుతున్నాను. అవ్వా, ఆ మొక్కు ఎప్పుడు చెల్లిస్తావే అని ఒక్కసారి కూడా నన్నెందుకు అడగలేదు?