స్తూపం వెనకవైపు పేరు

పాలగరువులో ఇంటికో సిపాయి. ఊరవతల పేటలో అయితే ఇంటికిద్దరు. అయినా మిలిటరీ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఊరికి పేట గుర్తుకు రాదు. ఆ పేట కోడలే దయాకుమారి, అజ్మాన్‌లో ఒక ఆసుపత్రి నర్సు. మొగుడు ఏలీయా కార్గిల్‌లో దెబ్బతిన్న ఇద్దరిని ఒకరి తర్వాత ఒకరిని మోసుకుని కొండ దించాడు. మూడోవాడి కోసం మళ్లీ ఎక్కాడు, ఇక దిగలేదు. ప్రభుత్వం సేనా మెడల్ ఇచ్చింది. దాన్ని ఆమె రుమాల్లో చుట్టి, బైబిలు పక్కన పెట్టుకుని, గల్ఫ్ దాకా తెచ్చుకుంది.

2005లో వేణుగోపాలరావుకు ఒక ఆలోచన పుట్టింది. ఆయనది ఊళ్లో పెద్దిల్లు. ఇక్కడ షార్జా అల్ నహ్దాలో కాపురం, కంపెనీలో అకౌంట్స్ మేనేజరు, గల్ఫ్‌లో ఉన్న పాలగరువు వాళ్ల సంఘానికి అధ్యక్షుడు. పతకాలు తెచ్చిన వీరులకు ఊరి నాలుగురోడ్ల కూడలిలో స్తూపం కట్టించాలన్నాడు. ముందువైపు వీరుల పేర్లు, వెనకవైపు దాతల పేర్లు, అద్దాల పెట్టెలో పతకాలు. ఏటా ఆగస్టు పదిహేనున ఊరి ఆడవాళ్లు రాతిని కడిగి, ప్రతి వీరుడి పేరుకూ పసుపు రాసి బొట్టు పెడతారు.

"ఏలీయా మన ఊరి బిడ్డ దయమ్మా! ఈ ఎడారికొచ్చాక ఊరేంటి, పేటేంటి? అందరం ఒక్కటే," అన్నాడు, ఇంటికి పిలిచి భోజనం పెట్టి మరీ.

ఆ ఒక్క మాటకి కరిగిపోయింది పిచ్చిది! ఊళ్లో అయితే ఆయన గుమ్మం బయట నిలబడి బాబుగారూ అనేది. ఇక్కడ రావుగారూ అంటూ సోఫాలో కూర్చుంది, ఆయన భార్యని అక్కయ్యా అంటూ ఆవిడ వడ్డించిన పప్పుచారు తింది. డ్యూటీ లేని రోజల్లా తిరిగి తెలిసిన నర్సులందరి దగ్గరా చందాలు పోగుచేసింది. తన వంతూ ఇచ్చింది. ఆఖరికి మెడల్ కూడా రుమాలుతో సహా ఆయన చేతిలో పెట్టింది.

"జాగ్రత్త రావుగారూ. ఆయన గుర్తుగా నాకు మిగిలింది ఇదొక్కటే. రాయి మీద ఆయన పేరు చూసుకుంటే నాకింకేం అక్కర్లేదండీ."

మరుసటేడు స్తూపం లేచింది. ఆగస్టు పదిహేను దాటాక వచ్చిన శుక్రవారం అల్ నహ్దాలో ఒక హోటల్ పై హాల్లో సంఘం సభ పెట్టి, ప్రారంభోత్సవం ఫొటోలు తెర మీద వేశారు. దయాకుమారి కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు. పైనుంచి కిందికి చదివింది. కిందినుంచి పైకి చదివింది. ఏలీయా లేడు. తర్వాతి ఫొటోలో అద్దాల పెట్టె, అందులో ఏలీయా మెడల్, దానికి బంతిపూల దండ, నిండుగా కుంకుమ బొట్టు. ఆ తర్వాత స్తూపం వెనకవైపు. దాతల వరసలో 'కొల్లాబత్తుల దయాకుమారి, అజ్మాన్' అని ఉంది. హాలంతా చప్పట్లు కొట్టారు. దాతలకు శాలువాలు కప్పుతాం, వేదిక మీదికి రండని పిలిచారు.

ఆమె లేచి నేరుగా వేణుగోపాలరావు దగ్గరికే వెళ్లింది. "ఆయన పేరేదండీ?"

ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి ఆయన. గొంతు తగ్గించాడు. "నేనే చెబుదామనుకున్నానమ్మా. ఏటా పేర్లకి బొట్టు పెట్టాలి కదా. మీరేమో క్రీస్తు బిడ్డలాయె. మీ మతానికి అభ్యంతరమవుతుందని పెద్దలు ఆలోచించారు. అంతా మీ గౌరవం కోసమే తల్లీ. మీ చర్చి దగ్గర విడిగా ఓ రాయి వేయిద్దాం, ఇన్‌షా అల్లా."

విన్నారా మర్యాద! పేట గాలి సోకకూడదని పేరు కొట్టేసి, అదేదో ఆమె మతానికి కాపలా కాసినట్టు! తేనె పూసిన కత్తి అంటే ఇదే.

"మెడల్‌కి బొట్టు పెట్టారుగా? దానికి లేదా అభ్యంతరం?"

"అది గవర్నమెంటుది కదమ్మా."

"కొండ మీంచి మోసుకొచ్చినోళ్లది ఏ కులమని మా ఆయన అడిగాడా అండీ? నా పేరు గీకించేయండి. ఆయన లేని రాయి మీద నేనెందుకు? నా మెడల్ నాకు తెప్పించండి."

అందరూ చూస్తున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. "మెడల్ సంగతి తర్వాత చూద్దాం. పేరంటావా, వచ్చే నెల మేస్త్రీని పంపి తీయించేస్తా. ఖలాస్! ఇక్కడ గొడవొద్దు."

శాలువా అక్కడే వదిలేసి వచ్చేసింది.

శుక్రవారం శుక్రవారం ఊళ్లో ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి అత్తతో మాట్లాడటం ఆమెకు అలవాటు. అత్త పాపాయమ్మ, ఏలీయా తల్లి, చదువు రానిది. తర్వాతి శుక్రవారం హలో అనకముందే అందుకుంది.

"అమ్మాయీ, చూసొచ్చానే! మా కొల్లాబత్తులోళ్ల పేరెక్కడని పూలమ్మే ఆవిణ్ణి అడిగితే ఏలెట్టి సూపించింది. నా కొడుకుని ఎనకమాల పెట్టారే. పోన్లే, ముందేపు అంతా ఎండ. ఎనకయితే నీడ, సల్లగా ఉంటాడు. రోజూ పొద్దున్నే పోయి సెంగుతో తుడిసొత్తన్నా. ఒక్కోపాలి ముద్దెట్టుకుంటన్నా. ఇన్నాళ్లకి ఊరోళ్లు నా బిడ్డని నలుగురి మధ్యా నిలబెట్టారే అమ్మాయీ! వాడి పేరే కదే అది?"

అవతల ముసలిది హలో హలో అంటోంది.

"అవునత్తా," అంది దయాకుమారి. "ఆయన పేరే."

ఫోన్ పెట్టేసింది. తర్వాత వేణుగోపాలరావుకు ఫోన్ చేసింది.

"మేస్త్రీని పంపకండి. నా పేరు అలాగే ఉండనివ్వండి, బాబుగారూ."

"అద్గదీ! ఆవేశం తగ్గితే నీకే అర్థమవుతుందని ఆ రోజే మీ అక్కయ్యతో అన్నా," అన్నాడాయన సంతోషంగా. "నీ శాలువా మా ఇంట్లోనే ఉంది. వచ్చి తీసుకెళ్లు తల్లీ."