ఎండలో ఆరేసిన పట్టుచీర

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తాండూరులో బడిపంతులుగా ఉన్న రోజుల్లో, దయ్యాన్ని చూశామని చెప్పిన పిల్లల్ని లేపి నిలబెట్టి, అది ఏ రంగు, ఎంత ఎత్తు అని అడిగి ఏడిపించేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది సంగతి. అప్పటికి నా భార్య సుశీల పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. బడికి దగ్గరలో ఒక గది, దాని ముందు నాపరాళ్లు పరిచిన చిన్న వాకిలి, చుట్టూ గోడ. ఒక్కణ్ణే వండుకుని, ఒక్కణ్ణే తిని, కంచం కడిగి బోర్లించేవాణ్ణి. మిగతా రోజులు ఎలాగో గడిచినా ఆదివారాలు గడిచేవి కావు.

వికారాబాదు నుంచి మా అత్తమ్మ కబురు పంపింది. మరదలు విమలకు పెళ్లి కుదిరింది. గౌరీపూజకు అక్క పెళ్లి పట్టుచీరే కట్టుకుని కూర్చుంటానని పిల్ల పట్టుబట్టిందట. ముత్తైదువగా పోయిన అక్క చీర, మంచిదేనని పెద్దలూ ఒప్పుకున్నారు. ఉతికి తెమ్మన్నారు.

ఆ చీర నా ట్రంకుపెట్టెలో ఉంది. కుంకుమ రంగు, సన్నటి జరీ అంచు. సుశీల చివరిసారి కట్టి, విప్పి, మడిచి పెట్టింది. ఆ తర్వాత జ్వరంతో మంచమెక్కింది, మళ్లీ లేవలేదు. మూడేళ్లుగా దాన్ని ఉతకలేదు. ఎందుకో చెప్పుకోవడానికి సిగ్గే కానీ చెబుతాను. మడత విప్పితే ఇంకా ఆమె వాసన వచ్చేది. తలనూనె, సాంబ్రాణి, కొంచెం చెమట. ఉతికితే అది పోతుంది. ఉతక్కపోతే బూజు మచ్చలు పట్టిన చీర కట్టుకుని ఏ పెళ్లికూతురు కూర్చుంటుంది? నాలుగు రోజులు పెట్టె తెరవడం, మూయడం, ఇదే పని.

చివరికి మా బట్టలుతికే బాలమ్మను అడిగాను. ఆమె చీర కొస కూడా ముట్టుకోలేదు.

"గీ బాయి నీళ్లల్ల పట్టు ఏస్తె అట్టలెక్క అయితది సారు. నాతోని కాదు. వాన నీళ్లు పట్టుకొని మీరే ఉతుకుండ్రి. పిండకుండ్రి. నీడకు, ఉల్టా ఆరేయుండ్రి," అంది.

తాండూరులో బావి నీళ్లన్నీ సున్నపు బండల్లోంచి ఊరేవే. సబ్బు నురగైనా రాదు. సుశీల కూడా పట్టుకు వాన నీళ్లే వాడేది. ఆ వారం వాన పడితే చూరు కింద గంగాళం పెట్టి పట్టాను. కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, రసం గుడ్డలో వడగట్టి ఆ నీళ్లలో కలిపాను. చీరను ముంచి అరచేతులతో మెల్లగా అదిమాను. నీళ్లు మట్టి రంగుకు తిరిగాయి. ఆమె వాసన ఆ నీళ్లలోనే పోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఏడ్చాను. చూసేవాళ్లు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

అంతలో బడి గంట వినిపించింది. ఆ రోజు తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడు. కంగారులో చీరను వాకిట్లో తాడు మీద, జరీ పైకి కనబడేలా, ఎండలోనే ఆరేశాను. గదికీ వాకిలి తలుపుకూ తాళాలు వేసి పరుగెత్తాను.

మధ్యాహ్నం లెక్కలు చెబుతుంటే గుర్తొచ్చింది. తడి పట్టు ఎండలో పడితే రంగు వెలిసిపోతుంది. ఆఫీసరు వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు, కదలడానికి లేదు. ఆమెదని మిగిలిన ఒక్క చీరనూ చేతులారా పాడుచేశాను, అత్తమ్మకు ముఖమెలా చూపించను అని ఒకటే బాధ. నల్లబల్ల మీద ఏం రాశానో నాకే తెలియదు.

నాలుగింటికి ఇంటికొచ్చాను. వాకిలి తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి చూస్తే తాడు మీద చీర లేదు. ఎవరో గోడ దూకి ఎత్తుకుపోయారనుకున్నాను. గది తాళం తీశాను. చీర లోపల ఉంది.

దండెం మీద, ఉల్టా, జరీ లోపలికి తిరగేసి ఆరేసి ఉంది. కర్ర మరక అంటకుండా చీర కింద నా పాత ధోవతి పరిచి ఉంది. ఆ ధోవతి పెట్టె అడుగున ఉండేది. పెట్టె మూత మూసే ఉంది. చీర ఆరిపోయింది, రంగు కొంచెం కూడా తగ్గలేదు.

గోడ ఎవరైనా దూకొచ్చు, ఒప్పుకుంటాను. కానీ గదికి ఒకటే తలుపు. కిటికీకి ఇనప ఊచలు. తాళంచెవులు రెండూ పొద్దంతా నా జేబులోనే ఉన్నాయి. బాలమ్మను అడిగితే కోపం తెచ్చుకుంది.

"తాళమేసినంక నేనెట్ల వస్త సారు? పొద్దంత వాగు కాడనే ఉన్న," అంది.

నేనే లోపల ఆరేసి మరిచిపోయానా అని కూడా ఆలోచించాను. కానీ తాడు కింద బండల మీద, చీర నుంచి కారిన ఎర్రటి నీటి చార అలాగే ఉంది.

చీరను ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నాను. కుంకుడు వాసన తప్ప ఏమీ లేదు.

రైలెక్కి వికారాబాదు తీసుకెళ్లాను. అత్తమ్మ మడతలు విప్పి, వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"ఎవ్వల్తోని ఉతికిచ్చినవ్ అల్లుడా? అచ్చం మా బిడ్డ ఉతికినట్లె ఉన్నది," అంది.

నేనే ఉతికానన్నాను. అబద్ధం కాదు కదా. విమల ఆ చీరలో పూజకు కూర్చుంటే కళ్లారా చూశాను. చీర ఆమెకే ఇచ్చేసి, పెళ్లయ్యాక తాండూరు వచ్చేశాను.

ఇన్నేళ్లయినా అది ఎలా జరిగిందో చెప్పలేను. దయ్యం అనడానికి నోరు రాదు. సుశీల వచ్చిందనడానికి సాక్ష్యం లేదు. అయితే ఇంకొకటి దాచకుండా చెప్పాలి. ఆ తర్వాత బాలమ్మను మాన్పించాను. రోజూ నా బట్టలు నేనే ఉతికి, కావాలనే మంచి ఎండలో, తిరగేయకుండా ఆరేసి, తాళాలు వేసుకుని బడికి పోయేవాణ్ణి. సాయంత్రం వచ్చి చూస్తే ఆరేసినవి ఆరేసిన చోటే ఉండేవి. ఆ ఏడాది నా చొక్కాలన్నీ వెలిసిపోయాయి.