అంచులో సీసం

సంఘంలో అందరూ ఆవిడను సీసం పిన్ని అనేవారు. ఆవిడ దర్జీ. బాప్తిస్మం తీసుకునేవాళ్లకు తెల్లటి అంగీలు కుట్టేది. వాటి అడుగంచు మడతలో, చేపల వలకు కట్టే సీసం బిళ్లలు జతలు జతలుగా పెట్టి కుట్టడం ఆవిడ సొంత పద్ధతి. దాని వెనక ఓ పరువుతక్కువ కథ ఉంది.

పెళ్లయిన కొత్తలో ఆవిడ బాప్తిస్మానికి దిగింది. ఆ సంఘంలో మనిషిని నిలువునా నీళ్లలో ముంచి లేపుతారు. పాత మనిషిని పాతిపెట్టి కొత్త మనిషిని లేపడమన్నమాట. తొట్టిలోకి దిగిందో లేదో, అంగీలోకి గాలి చేరి గొడుగులా విచ్చుకుని పైకి తేలింది. ఒకవైపు అణిస్తే రెండోవైపు లేచింది. పాస్టరుగారు కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన పొడిగించారు. చివరి బల్ల మీంచి ఒకాయన పకపకా నవ్వాడు. పరాయివాడు కాదు, మొగుడే.

"కట్టుకున్నవారు, మీరే నవ్వుతారా?" అని ఇంటికొచ్చి ఏడ్చింది.

"ఏం చెయ్యనే? పరలోకానికి గొడుగేసుకుని వెళ్లేదాన్ని మొదటిసారి చూశాను!"

ఆ వారమే సీసం మొదలైంది. మొదటి సీసం అంగీ ఆయన కోసమే కుట్టింది. వేసుకోవడానికి ఆయనే రాలేదు.

ఆయన గడియారాలు బాగుచేసేవాడు. ఎప్పుడడిగినా కంటికున్న భూతద్దం తియ్యకుండానే జవాబు. "నీళ్లు దూరి ఆగిన గడియారాలు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి, నన్నే నీళ్లలో వేస్తానంటావేమిటే?" ఇంకోసారి, "నిన్ను కట్టుకున్ననాడే నిలువునా మునిగాను. మళ్లీనా?"

అందరితోపాటు ఆవిడా నవ్వేది. ఆయన ఒళ్లు చేసినప్పుడల్లా అంగీ కుట్లు విప్పి వదులు చేసి, మడతపెట్టి దాచేది. కానీ ఓ ఆదివారం ఓపిక నశించి, గుమ్మం దగ్గర నలుగురి ముందూ అనేసింది: "ఊరందరికీ టైము పెడతారు, మీకు మాత్రం టైము రాదు. నమ్మకం లేదని ఒప్పుకోరాదూ!" ఆ రోజు ఆయన ఎదురు జోకు వెయ్యలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పిన్ని వాళ్లక్కది వేరే సంఘం. అక్కడ తలమీద నీళ్లు చిలకరిస్తే చాలు. "అదేం బాప్తిస్మమే అక్కా, ఇస్త్రీకి ముందు బట్టలమీద చల్లినట్టు!" అని పిన్ని ఆటపట్టించేది. "మీది ఉతుకుడు, మాది ఇస్త్రీ. ముడతలు పోతే చాల్లే" అని అక్క మూతి తిప్పేది.

తరవాత ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. వదులు చేసిన కుట్లన్నీ మళ్లీ బిగించాల్సి వచ్చింది. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు, ముక్కుకు గొట్టం. ఒక మధ్యాహ్నం ఆయనే అన్నాడు: "బాప్తిస్మం తీసుకుంటానే. పాస్టరుగార్ని పిలు."

ఎన్నేళ్లుగానో ఆ మాట కోసమే కాచుకున్న మనిషి సిలిండరు వంక చూసింది. "ఇప్పుడా? ఈ గొట్టంతో ఎలా ముంచుతారండీ? ఇన్నాళ్లూ ఏమైంది మీకు?"

"భయమే."

"దేవుడంటేనా?"

"నీళ్లంటే. తల ముంచితే పోతాననిపిస్తుంది. చిన్నప్పట్నించీ అంతే. మగ్గుతో పోసుకునేటప్పుడు కూడా ముక్కు పట్టుకుంటాను, చూళ్లేదూ?"

చూసింది. చూసి నవ్వింది కూడా. "చెప్పొచ్చు కదండీ!"

"నీ గొడుగుకి నేనెంత నవ్వాను? ఆ నవ్వంతా నాకు తిరిగొస్తుందనీ..."

పాస్టరుగారు పక్క ఊరినించి బయల్దేరానన్నారు. ఈలోగా ఆయాసం ముదిరింది. గదిలో ఉన్న అక్క చెల్లెలి భుజం తట్టింది. "ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వొచ్చంటారు మా సంఘంలో. నువ్వే ఇచ్చెయ్యవే."

"మా దాంట్లో అది చెల్లదే అక్కా!"

"మీ పాస్టరుగారు వచ్చేదాకా ఆయన ఆగేట్టు లేడే."

మాత్రల కోసం పెట్టిన గ్లాసులో పిన్ని వేళ్లు ముంచింది. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో" అంటూ చిలకరించింది. ఏళ్ల తరబడి ఇస్త్రీ బల్లమీద చల్లిన చెయ్యి. నుదుటి ముడతలమీద చుక్కలు సమంగా పడ్డాయి. ఆయన కళ్లు మూసుకుని, గొట్టం పక్కకి జరిపి, రెండు వేళ్లతో ముక్కు పట్టుకున్నాడు.

పాస్టరుగారు వచ్చేసరికి ఆయన లేడు.

"ఇది చెల్లుతుందా అయ్యగారూ?"

"ముంచితేనే బాప్తిస్మమని ఇన్నేళ్లూ ఈ నోటితోనే చెప్పానమ్మా. ఇప్పుడు చెల్లుతుందంటే నువ్వే నమ్మవు. చెల్లదనడానికేమో నాకు నోరు రావడంలేదు."

పిన్ని పెట్టెలోంచి ఆయన అంగీ తీసి, కిటికీ దగ్గర కూర్చుని, అంచు విప్పడం మొదలుపెట్టింది.

"సీసం ఎందుకే తీసేస్తున్నావు?" అంది అక్క.

"పాతిపెట్టడం ఎలాగూ పాతిపెడతారు కదే. లేచేటప్పుడు బరువు కాదూ?"

ఆయనకా అంగీ తొడిగి సమాధి చేసి వచ్చాక, ఆ బిళ్లల్ని బొత్తాల డబ్బాలో జతలు కట్టి వేస్తుంటే చివర ఒక్కటి మిగిలింది. దాని జత కోసం కిటికీ కింద వెతికింది, చాప దులిపింది, కుర్చీ జరిపింది.

"అక్కా, ఒకటి అంచులోనే ఉండిపోయిందే."

"పోనీలేవే. ఒక్క బిళ్లకి ఆగిపోతాడా మనిషి?"

"ఆగుతారే! నీకు తెలీదు ఆయన సంగతి. చిన్న సాకు దొరికితే చాలు, వచ్చేసారి చూద్దామంటారు..." అని నవ్వబోయి, ఆ ఒంటి బిళ్లను గుప్పిట్లో బిగించుకుని, ఇస్త్రీ బల్లమీద తల వాల్చేసింది.