ఎడంచేత్తో కుట్టిన బొంత

బొంతలత్త నోరు మంచిదా కాదా అన్న దాంట్లో ఊళ్లో రెండభిప్రాయాలు ఉండేవి గాని, ఆమె చేతి విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. చిరిగిన చొక్కాలు, వెలిసిపోయిన దుప్పట్లు, ఎవరికీ పనికిరాని పాతగుడ్డలు ఏవి తెచ్చి ముందు పడేసినా సరే, పొరలు పొరలుగా పరిచి, వరస తప్పకుండా కుట్టి, ఏళ్ల తరబడి కప్పుకున్నా చెక్కుచెదరని బొంత చేసి ఇచ్చేది. ఎవరైనా మెచ్చుకుంటే మూతి తిప్పి, "ఇదేం పెద్ద పనా? ఎడంచేత్తో కుట్టి పారేస్తా" అనేది. ఆ మాట ఆమెకు ఊతపదం. ఆ ఊతపదమే చివరికి ఆమెను నలుగురిలో నిలబెట్టి కడిగేసింది.

నిజానికి ఆమెది కుడిచేతి వాటమే. ఎడమచేతి వాటం కోడలిది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పిల్ల చాకు ఎడంచేత్తో పట్టుకుని ఉల్లిపాయ తరుగుతుంటే అత్త చూసి, "ఓయమ్మో, పుర్రచెయ్యి!" అని గుండెల మీద చెయ్యేసుకుంది. అంతే, కోడలి అసలు పేరు మూలనపడింది. "పుర్రచెయ్యీ, నీళ్లు తే." "పుర్రచెయ్యీ, పొయ్యి చూడు." ఎవరైనా చుట్టాలొస్తే, "ఇదిగో, మా పుర్రచెయ్యి" అని చూపించేది. వాళ్లు నవ్వేవాళ్లు. కోడలు కూడా నవ్వేది, నవ్వక ఏం చేస్తుంది? కొడుకు ఒకటి రెండుసార్లు ఏదో గొణిగాడు. కాని అతను పొద్దస్తమానం ట్రాక్టరు మోతలో బతికే మనిషి. ఇంట్లో మాటలు సగం వినబడవు, మిగతా సగం వినబడనట్టు ఉండడం అతనికి బాగా వచ్చు.

మొదట్లో అత్తాకోడళ్లిద్దరూ వసారాలో పక్కపక్కన కూర్చుని కుట్టేవాళ్లు. గడప పక్కన, వెలుతురు పడే చోటు అత్తది. ఆమెకు కుడివైపు కోడలు. అత్త కుడి మోచెయ్యీ, కోడలి ఎడమ మోచెయ్యీ తెల్లారిన దగ్గర్నుంచి పొట్లాడుకునేవి. "అబ్బబ్బ, ఆ మోచెయ్యి అవతల పెట్టుకో. పొడిచి చంపుతున్నావు!" అని అత్త విసుక్కునేది. కోడలు ఇంకాస్త జరిగేది. అలా జరిగి జరిగి వసారా దాటి, వంటింట్లో పొయ్యి దగ్గర తేలింది. బొంత ముట్టుకోవద్దని అత్త హుకుం జారీ చేసింది. సూదుల్లో దారం ఎక్కించడానికి మాత్రం పుర్రచెయ్యి పనికొచ్చేది. రోజూ పొద్దున్నే కోడలు డజను సూదుల్లో దారం ఎక్కించి, పాత దిండుకు గుచ్చి, అత్త పక్కన పెట్టి వెళ్లేది.

ఎందుకంటే కొన్నేళ్లుగా అత్త చూపు మసకబారింది. ఆమె ఒప్పుకునే రకం కాదు. "కళ్లెవరిక్కావాలి? చెయ్యే చూస్తుంది" అనేది. బొంతలు మునుపటిలాగే వస్తున్నాయి, మెచ్చుకునేవాళ్లు మునుపటిలాగే మెచ్చుకుంటున్నారు. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

ఆ ఏడు చలి వెనక్కి తగ్గి, ఎండ చురుక్కుమనడం మొదలయ్యేసరికి దర్జీ భార్య ఒక చిన్న మూట పట్టుకుని వచ్చింది. వాళ్ల కూతురికి తొలి కాన్పు దగ్గరపడింది. ఇంట్లో కుట్టుమిషను ఉంది, మొగుడు దర్జీ. అయినా, "మిషను కుట్టు పసిపిల్ల ఒంటికి గరుగ్గా ఉంటుంది అత్తా, నీ చేతి బొంతే కావాలి" అంది. అత్తకు ఏనుగెక్కినంత సంబరమైంది. దర్జీ ఇంటికే కుట్టి ఇచ్చేదాన్ని నేను అని వీధిలో కనబడినవాళ్లందరికీ చెప్పింది. ఈ బొంతతో ఆమె పేరు ఇంకో మెట్టు ఎక్కాలి.

బొంత పూర్తయిన రోజు పొద్దున ఎండ ఫెళఫెళలాడుతోంది. చలికాలం వాడిన బొంతలన్నీ ఉతికి కంచె మీద ఆరేశారు. వాటి మధ్యలో పసిబిడ్డ బొంత కూడా ఎండకు వేశారు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. దర్జీ భార్య బొంత చూసుకోవడానికి వచ్చింది. పెరటింటి వదిన కూడా, పని ఏమీ లేకపోయినా, మాటల కోసం వచ్చి కూర్చుంది. అంతలో ఎక్కడ దాక్కుందో మబ్బు, చడీచప్పుడు లేకుండా నెత్తి మీదికొచ్చి, టపటపా పెద్ద చినుకులు రాల్చింది. కోడలు పరుగెత్తింది. బొంతలన్నీ చేతుల నిండా వేసుకుని, తను తడిసి, వాటిని తడవనీయకుండా వసారాలోకి తెచ్చి పడేసింది.

దర్జీ భార్య చిన్న బొంతను తీసి ఒళ్లో పరుచుకుంది. వేళ్లతో అంచు తడుముతూ వెళ్లి, ఒకచోట ఆగింది. దర్జీ ఇంటి కళ్లు కదా, ఊరికే చూడవు.

"అత్తా! ఎడంచేత్తో కుట్టేస్తానంటే మాటవరసకంటున్నావనుకున్నా. నిజంగానే ఎడంచేత్తో కుట్టావే!" అని పకపకా నవ్వి, పెరటింటి వదిన వైపు తిరిగింది. "చూడండి పిన్నీ, అంచు దారం మొత్తం అటు వాలింది. కుడిచేత్తో కుడితే ఇటు కదా వాలాలి!"

బొంత మధ్యలో వేసే వరస కుట్లకు కుడిఎడమలు తెలియవు. అంచు దగ్గరికొచ్చేసరికి దారం చుట్టి చుట్టి కుట్టాలి. అక్కడ దాపరికం కుదరదు. ఏ చెయ్యి కుట్టిందో దారం చెప్పేస్తుంది.

బొంతలత్త బొంత లాక్కుని వెలుతురుకు పెట్టుకుంది. కళ్లు చికిలించింది. నిజమే. ఒకే కొలతలో, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా వాలి ఉన్నాయి దారాలు, అన్నీ అటువైపే. తల ఎత్తితే ఎదురుగా కోడలు తడిసిన జుట్టుతో నిలబడి ఉంది. ఆ మొహం చూడగానే అత్తకు అంతా అర్థమైంది. తను మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఈ పిల్ల తన కుట్లు విప్పి మళ్లీ కుడుతోంది.

అప్పుడే నిజం చెప్పి నవ్వేస్తే పోయేది. కాని పరువు అనేది ఒకటి ఉంది కదా, అది మనిషిని నోరు మూసుకోనివ్వదు.

"ఓ, అదా!" అంది అత్త గట్టిగా. "దాని నిర్వాకం. ముట్టుకోవద్దే అని చెప్పినా వినదు. ఎంత అడ్డదిడ్డంగా ఉందో చూశారా? పసిబిడ్డకు ఇలాంటి పుర్రచేతి కుట్టా? ఇప్పుడే ఊడదీసేస్తాను. పుర్రచెయ్యీ, బ్లేడు తే."

కోడలు లోపలికెళ్లి బ్లేడు తెచ్చి అత్త చేతికిచ్చింది.

అత్త కొయ్యడం మొదలుపెట్టింది. ఒక మూల కోసి ఆపుదామనుకుంది. కాని మొత్తం అంచంతా అటే వాలి ఉంటే ఒక మూల కోస్తే ఏం లాభం? ఆపితే అబద్ధం బయటపడుతుంది. అందుకని కోస్తూనే పోయింది. ఒక పక్కంతా అయి, రెండో పక్క సగానికి వచ్చింది. అంత చక్కని కుట్టు కోస్తుంటే చేతికే తెలిసిపోతోంది, పొరపాటున కూడా ఒక్క కుట్టు వదులుగా లేదు. పెరటింటి వదిన, "చాల్లే వదినా, బాగానే ఉంది కదా" అంది. దర్జీ భార్య నవ్వడం మానేసింది. కోడలు వంగి, కింద రాలిన దారపు ముక్కలు ఒక్కొక్కటీ ఏరుకుంటోంది. లోపల్నించి మాడు వాసన వచ్చింది. "గింజలు మాడుతున్నాయి! పొయ్యి మీద ధ్యాస ఉంటేగా!" అని దానికీ కోడల్నే తిట్టి, అంచంతా ఊడొచ్చాకే బ్లేడు కింద పెట్టింది.

భోజనాల దగ్గర కొడుకు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదేంటి, మాడింది?" అన్నాడు. "నేనే మరిచిపోయానండీ" అంది కోడలు. అత్త తలవంచుకుని మాడిన గింజలు నమిలి మింగింది.

మర్నాడు ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడు ఆమె పెట్టె తెరిచి, ఇంట్లో ఉన్న బొంతలన్నీ బయటికి లాగింది. ఒక్కొక్క అంచూ ఎండలో పట్టుకుని, ముక్కు ఆనించి చూసింది. కొడుకు చిన్నప్పటి బొంత ఇటు వాలింది, అది తనది. దాని తర్వాతవి ఒకటి రెండు తనవే. ఆపైన అన్నీ అటే. పోయిన చలికాలంలో ఊరంతా ఆకాశానికెత్తిన నీలం బొంత కూడా అటే. "ఈ వయసులో ఏం చెయ్యమ్మా!" అని వాళ్లు పొగిడితే, ఆ పిల్ల ఎదురుగానే నిలబడి ఉండగా, తను ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చింది. మురిసిపోయి, "పుర్రచెయ్యీ, వీళ్లకు నీళ్లియ్యవే" అంది. అదీ గుర్తొచ్చింది. సిగ్గుతో ఆమెకు చచ్చినంత పనైంది.

ఊడదీసిన అంచు తనే మళ్లీ కుడదామని సూది పట్టుకుంది. నాలుగు కుట్లు వేసి వేలితో తడిమితే, ఎత్తుపల్లాలు, ఖాళీలు. చెయ్యి చూస్తుందని ఇన్నాళ్లూ చెప్పిన మాట కూడా బొంకే. పోనీ కోడల్ని పిలిచి తప్పయిందని చెప్పిందా అంటే, అదీ లేదు. ఆ మాట పెదాల దాకా వచ్చి వెనక్కి పోయింది. "నడుం లాగేస్తోంది. ఆ అంచేదో నువ్వే వేసెయ్" అని గోడవైపు తిరిగి పడుకుంది. అంత పిరికిది.

రెండు రోజులు పోయాక దర్జీ భార్య బొంత తీసుకెళ్లడానికి వచ్చింది. పెరటింటి వదిన ఊరుకుంటుందా? ఆమే వెంట వచ్చింది. కోడలు బొంత మడతపెట్టి తెచ్చి అత్త ఒళ్లో పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడింది. దర్జీ భార్య మడత విప్పింది, అంచు చూసింది. "బానే ఉంది అత్తా. పాపం, కళ్లు ఆనకపోయినా మళ్లీ అంతా కుట్టావు" అంది మెత్తగా.

ఆ మెత్తదనం అత్తకు చురుక్కున తగిలింది. అంచు మీద వేలు వేసి చూసింది. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అక్కడక్కడా గుడ్డ ముడతపడింది. బడికెళ్లే పిల్ల మొదటిసారి సూది పట్టుకున్నట్టుంది. వెలుతురుకు పెట్టుకుంది. దారాలన్నీ ఇటు వాలి ఉన్నాయి, తన వైపే. ఒకచోట చిన్న రక్తపు మరక, కడిగినా పూర్తిగా పోలేదు.

గుమ్మంలో ఉన్న కోడలి చేతులవైపు చూసింది. ఎడమచేతి వేళ్లకు రెండు చోట్ల గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. బొంత పట్టుకున్న చేతినే సూది పొడిచిందన్నమాట. సూది పట్టింది కుడిచెయ్యి.

"కుడిచేత్తో కుట్టావా?" అంది అత్త.

కోడలు దర్జీ భార్య వంక చూసి, చిన్నగా అంది. "మీ కుట్టులా వాలాలి కదత్తయ్యా. లేకపోతే మళ్లీ ఎవరైనా చూస్తే..."

బొంతలత్తకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. భూమి అలాంటి సాయాలు చెయ్యదు. వసారాలో అందరూ అక్కడే ఉన్నారు, ఆమె కూడా అక్కడే ఉంది.

"అమ్మాయ్," అంది దర్జీ భార్యతో, "ఈ కుట్టు నాది కాదు. మొన్న మీ ముందు నేను ఊడదీసిన కుట్టూ నాది కాదు. దీనిది. ఆ నీలం బొంత దీనిది. మీ ఇంట్లో నువ్వు కప్పుకునే బొంత కూడా దీనిదే. నాకు కళ్లు కనబడటం లేదు. ఊరు మెచ్చుకుంటే నేను పుచ్చుకున్నాను, దీని పరువు మాత్రం మీ ముందు తీశాను."

దర్జీ భార్య బొంత మడతపెట్టి కోడలి చేతుల్లో పెట్టి, "నీ చేత్తోనే కుట్టివ్వమ్మా. కాన్పుకింకా టైముంది" అంది.

వాళ్లు వెళ్లాక అత్త దిండు నుంచి ఒక సూది పీకి, కోడలి ఎడమచేతికి ఇచ్చింది. ఆ పిల్ల అలవాటు కొద్దీ అత్తకు కుడివైపు, గోడకు ఒదిగి కూర్చోబోయింది.

"అక్కడ కాదే," అంది అత్త. గోడ పట్టుకుని లేచి, గడప పక్కన వెలుతురు పడే చోటు ఖాళీ చేసింది. "ఇటు రా."

కోడలు భయంభయంగా వచ్చి అక్కడ కూర్చుంది. అత్త ఆమెకు కుడిపక్కకు వెళ్లి, బొంత అంచు బిగువుగా పట్టుకుని కూర్చుంది. కోడలి ఎడమ మోచెయ్యి గడప వైపు స్వేచ్ఛగా ఆడుతోంది, అత్త కుడి మోచెయ్యి గోడ వైపు ఉంది. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా తగల్లేదు. ఇన్నేళ్లుగా చోటు మారడం తప్ప చెయ్యాల్సిందేమీ లేదని అత్తకు తెలుస్తుంటే, పట్టుకున్న అంచు మీది నుంచి తల ఎత్తలేకపోయింది.