శుక్రవారం పనిచేయని గ్రాఫిక్స్ కార్డు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఒక్కటే ఉండేది: నాకేమీ తెలియదన్న విషయం. ఎచ్చెర్లలో కంప్యూటర్ల చదువు పూర్తిచేసి, పట్టా చేతికి రాకముందే మేధావినైపోయి, కోటబొమ్మాళి వచ్చి ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని నా నమ్మకం. (అది ఏ రైలెక్కిందో గానీ మా స్టేషన్లో మాత్రం ఆగలేదు.) మా నాన్న కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. ఆ తర్వాత ఒకరోజు భోజనాల దగ్గర, తన స్నేహితుడి రైస్ మిల్లులో గుమస్తా పని ఖాళీగా ఉందనీ, బస్తాలు చూసుకోవడానికి నా చదువు సరిపోతుందనీ చల్లగా చెప్పాడు. మిల్లంటే నాకు హడల్. ఊక దుమ్ము పడితే చిన్నప్పటినుంచీ ఆగకుండా తుమ్ములు. పైగా ఆ మిల్లు యజమాని మామూలుగా మంచినీళ్ళడిగినా పక్కూళ్ళో గేదెలు బెదురుతాయి. ఆ భయంలో పరిగెత్తుకెళ్ళి మా బావని పట్టుకున్నాను.

బావ మా మేనత్త కొడుకు. బజార్లో ఫోటో స్టూడియో పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళన్నీ వీడియోలు తీసేవాడు. ముందు గదులు స్టూడియో, వెనక గదులు ఇల్లు. అతని పాత కంప్యూటర్ మీద పెళ్ళి వీడియోకి ఒక పాట కలిపేసరికి ఆ కొత్త దంపతులకి పిల్లలు పుట్టేసేవారు. షాపులో తయారుగా ఉన్న కొత్తది కొనేద్దామని బావ నిర్ణయించుకున్న సమయానికి నేను దిగాను. తయారుగా ఉన్నది కొనేవాళ్ళు వట్టి అమాయకులనీ, విడి భాగాలు తెచ్చి నేను బిగిస్తే జిల్లాలోనే అంత మొనగాడి యంత్రం ఉండదనీ ఊదరగొట్టాను. బావ గడ్డం గోక్కుని, "సరే, బిగించు. బాగా పన్జేస్తే నాతోనే ఉండిపో. పన్జెయ్యకపోతే మాత్రం మావ సెప్పినట్టు మిల్లుకెల్లిపో" అన్నాడు. అంటే నా బతుకంతా ఆ రేకు డబ్బా మీద ఆధారపడిపోయిందన్నమాట.

భాగాలు ఒక్కొక్కటే పోగుచేసి బిగించాను. బావ ఆల్బమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. నాకేమో విండోస్‌కి పోటీగా ఉచితంగా దొరికే లినక్స్ లేనిదే ముద్ద దిగని వయసు. అంచేత ఒకే డబ్బాలో రెండూ వేశాను. మీట నొక్కగానే తెర మీద చిన్న జాబితా వచ్చి, ఏది కావాలని అడుగుతుంది. కాసేపు చూసి ఎవరూ ఏమీ చెప్పకపోతే లినక్సే తెరుచుకునేలా గుట్టుగా అమర్చుకున్నాను. (బావని మెల్లగా నా మతంలో కలిపేసుకుందామని.) ఈ సంగతి అత్తకి గొప్పగా వివరించాను. అత్త ఊళ్ళో సగం కాపురాలు చక్కదిద్దిన మనిషి. అంతా విని, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవురా అంది. ఇమిడిస్తానత్తా, నేనున్నాను కదా అన్నాను.

మంచిరోజు చూసి పూజ పెట్టారు. బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. దీనికి చక్రాల్లేవు. బావ తీవ్రంగా ఆలోచించి మౌస్ కింద పెడదామన్నాడు. నేను వద్దని మొత్తుకుంటే చివరికి డబ్బాకి అటొకటి ఇటొకటి పెట్టి కోశారు. అత్త డబ్బా ముందువైపు పసుపు రాసి బొట్లు పెట్టింది. అంతటితో ఊరుకోకుండా డబ్బాని వెనక్కి తిప్పి, తెరకి వెళ్ళే తీగ ఏ కన్నంలోంచి వస్తోందో నన్నడిగి, ఆ కన్నం పక్కన కూడా ఒక బొట్టు పెట్టింది. ఇక్కడెందుకత్తా అంటే, వెలుగొచ్చేది ఇక్కణ్ణించే కదా అంది. శాస్త్రీయంగా కూడా అది నిజమే కాబట్టి నేను తలూపాను.

కొన్నాళ్ళకి విశాఖపట్నంలో ఉన్న నా స్నేహితుడు, తను వాడుకున్న గ్రాఫిక్స్ కార్డు ఒకటి నాకిచ్చాడు. వీడియోలు చకచకా నడవాలంటే అదే ప్రాణం. దాన్ని లోపల గుచ్చి, తెర తీగని పాత కన్నంలోంచి తీసి, కిందనున్న కార్డు కన్నంలో పెట్టాను. ఇక చూసుకోండి, మబ్బు విడిపోయినట్టు అయిపోయింది. బావ నన్ను బజార్లో వాళ్ళకి 'మా ఇంజనీరు' అని పరిచయం చెయ్యడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు.

ఆ వైభవం మొదటి శుక్రవారం దాకా నడిచింది. శుక్రవారం ఉదయం స్టూడియోలో పూజ. దానికి పువ్వులూ కొబ్బరికాయా తేవడం ఇంజనీరు గారి డ్యూటీ. నేను బజారుకెళ్ళి వచ్చేసరికి అత్త అన్నీ తుడిచి, బొట్లు పెట్టి సిద్ధంగా ఉండేది. ఆ శుక్రవారం కూడా నేను కాయ కొట్టాక, హారతి కళ్ళకద్దుకుని, బావ మీట నొక్కాడు. తెర చీకటి. జాబితా లేదు, ఏమీ లేదు. చాలాసేపటికి లినక్స్ దానంతటదే తెరుచుకుంది గానీ, పొలానికి పోనని మొరాయించే ఎద్దులా నడిచింది. మళ్ళీ ఆపి, కనబడని జాబితాలో కిందకి గుడ్డిగా మీటలు నొక్కి విండోస్‌లోకి వెళితే చీకటే చీకటి. లోపలినుంచి, అది తెరుచుకున్నప్పుడు మోగే పాట మాత్రం వినబడుతోంది.

లినక్స్ వస్తోంది, విండోస్ రావట్లేదు. నాకు అంతకంటే రుజువేం కావాలి? తప్పంతా విండోస్‌దే అని తీర్పు చెప్పి, డబ్బా విప్పి, కార్డు పీకి, దాని పళ్ళని రబ్బరుతో రుద్ది, ఉఫ్ఫుమని ఊది, డబ్బాని దుప్పట్లో చుట్టి ఆటోలో మా ఇంటికి తీసుకుపోయాను. ఇంట్లో టీవీకి తగిలించి చూస్తే, ఆశ్చర్యం, రెండూ చక్కగా వచ్చాయి. తిరిగి స్టూడియోకి తెచ్చి బిగిస్తే అక్కడా వచ్చాయి. రబ్బరు మహిమ గురించి బావకి ఉపన్యాసమిచ్చాను. వారమంతా బాగా నడిచింది. శుక్రవారం మళ్ళీ చీకటి.

అప్పటినుంచి నా పాండిత్యం విజృంభించింది. ఒక వారం, కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్లంటారు చూశారా, అవి మొత్తం తీసేసి కొత్తవి వేశాను. ఇంకో వారం మా ఊరి కరెంటుని తిట్టాను. మరో వారం చెడ్డ కార్డు అంటగట్టావని విశాఖ స్నేహితుడితో ఫోన్లో తగువు పెట్టుకున్నాను. (పాపం, వాడు నాకు ఊరికే ఇచ్చాడు.) ప్రతిసారీ విప్పడం, రుద్దడం, మళ్ళీ బిగించడం, బాగవడం, నేను మీసం తిప్పడం, శుక్రవారం రావడం. ఆ పూట వచ్చినవాళ్ళు తెర ఎందుకు నల్లగా ఉందని అడిగితే, లోపల పెద్ద లెక్కలు చేస్తోందనీ, కళ్ళు మూసుకుంటే దానికి ఏకాగ్రత కుదురుతుందనీ చెప్పేవాణ్ణి. ఒక పంతులుగారు నిజమే అన్నట్టు తలూపి, తన కొడుకు కూడా కళ్ళు మూసుకునే చదువుతాడనీ, కాకపోతే మార్కులు రావనీ అన్నారు.

బావ మాత్రం ఇది దిష్టి అని తేల్చేశాడు. అత్త ఇది ముందే తను చెప్పిన కత్తుల పేచీ అంది. అంచేత పూజ పెంచింది. తుడవడం ఎక్కువైంది, సాంబ్రాణి ఎక్కువైంది, బొట్లు పెద్దవయ్యాయి. ఎంత పూజ చేస్తే అంత మొండికేస్తోంది. నాకు తెలిసిన మందులన్నీ అయిపోయాక నేనూ సాంబ్రాణి పళ్ళెం పట్టుకుని డబ్బా చుట్టూ తిరిగాను. ఆ దృశ్యం ఎచ్చెర్లలో మా మాస్టారు చూసి ఉంటే నా పట్టా వెనక్కి తీసేసుకునేవారు.

ఇంతలో భావనపాడు వైపునుంచి ఒక చేపల వ్యాపారి కూతురి పెళ్ళి వీడియో వచ్చింది. బావ చేతికి అంత పెద్ద పెళ్ళి రావడం అదే మొదలు. ఆ వ్యాపారి చేతిలో తీరం పొడుగునా బోలెడు పెళ్ళిళ్ళున్నాయి. ఆయన మెచ్చుకుంటే స్టూడియో నిలబడిపోతుంది. తీరా చూస్తే, కూతురి పెళ్ళి వీడియో చూసుకోవడానికి మంచిరోజు కావాలని ఆయన శుక్రవారమే వస్తానన్నాడు. వేరే రోజు పెట్టుకోమని చెప్పమంటే బావ నావైపు అదోలా చూశాడు. "ఒరే, నీ మాట ఇని ఇన్నాల్లు ఊరుకున్నాను. రేపు ఆల్లముందు తెర నల్లగున్నాదంటే, సోమారం నుంచి నువ్వు మిల్లులోనే" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండును, మెత్తగా అన్నాడు. ఆ సాయంత్రమే నాకు తుమ్ములు మొదలయ్యాయి.

ఇక లాభం లేదు, ఈసారి ఆ డబ్బాని కంటికి రెప్పలా కాపలా కాయాలనుకున్నాను. తెల్లవారి మా ఇంట్లోంచే కొబ్బరికాయా పువ్వులూ పట్టుకుని, బజారుకి వెళ్ళే పని లేకుండా, అందరికంటే ముందు స్టూడియోకి పోయి మూలన కూర్చున్నాను. అత్త వచ్చింది. కొంగు బిగించి, డబ్బాని వెనక్కి తిప్పి, మనవరాలి జడ విప్పినంత ప్రేమగా తీగలన్నీ ఒక్కొక్కటే ఊడదీసింది. పొందూరు పంచె ముక్క తడిపి కన్నాలన్నీ తుడిచింది. పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టింది. మిగతా తీగలన్నీ వేటి చోట అవి పెట్టింది. చివరికి తెర తీగ అందుకుని, బొట్టు కోసం వెతికి, పైనున్న ఆ పాత కన్నంలో గట్టిగా నొక్కింది. నొక్కుతూ నావైపు తిరిగి, "దీన్ని ప్రతి శుక్రారం నాను బొట్టుకాడ సరిగ్గా ఎడతన్నాను. ఎవులో మల్లీ కిందకి దించేత్తన్నారురా" అంది.

ఆ ఎవులో నేనే. కార్డు కన్నంలోంచి తీసి ఆవిడ పైన పెడుతోంది, విప్పి బిగించినప్పుడల్లా నేను కింద పెడుతున్నాను. పైకన్నంలో ఉంటే లినక్స్ సర్దుకుపోయి కుంటుతూ వస్తోంది, విండోస్ మాత్రం నాకు కార్డే కావాలని భీష్మించుకుంటోంది. డ్రైవర్లూ లేవు, కరెంటూ లేదు, కత్తులూ లేవు. ఇన్ని వారాలూ డబ్బా లోపలంతా గాలించిన మేధావి వెనకాల తీగ ఎక్కడుందో ఒక్క శుక్రవారం కూడా చూడలేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఎక్కువగా సిగ్గేసింది. బావకి ఈ ముక్క చెబితే సాయంత్రానికి బజారంతా తెలిసిపోతుంది, ఇంజనీరు గారు మిల్లుకి ఊరేగింపుగా వెళ్ళవలసి వస్తుంది. అత్తకి చెబితే ఇన్నాళ్ళూ తన పూజే చెడగొట్టిందని ఆవిడ అన్నం మానేస్తుంది. అంచేత ఆవిడ కర్పూరం కోసం లోపలికి వెళ్ళగానే చటుక్కున లేచి, తీగ తీసి కార్డు కన్నంలో పెట్టి, పైన బొట్టు చెరిపేసి, కుంకుమ పళ్ళెంలో వేలు ముంచి కింద కన్నం పక్కన ఒక బొట్టు పెట్టేశాను. నంగనాచిలా వచ్చి మూలన కూర్చున్నాను.

వ్యాపారి కుటుంబంతో సహా దిగాడు. కాయ కొట్టాను. బావ దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాడు. తెర వెలిగింది. జాబితా వచ్చింది. విండోస్ వచ్చింది. పెళ్ళి మొదలైంది. గంభీరంగా కూర్చున్న ఆ వ్యాపారి అప్పగింతలు చూస్తూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆ ముక్క మళ్ళీ వెయ్యమన్నాడు. వాళ్ళు వెళ్ళాక బావ నా భుజం పట్టుకుని, ఏం చేశావో చెప్పమన్నాడు. లినక్స్‌కీ విండోస్‌కీ లోపల పెద్ద పేచీ ఉందనీ, మధ్యవర్తిగా కూర్చుని రాజీ కుదిర్చాననీ చెప్పాను. గుమ్మంలోంచి అత్త, ఈవేళ సాంబ్రాణి రెట్టింపు వేశాను మరి, అంది. కీర్తి ఇద్దరం పంచుకున్నాం. ఆ తర్వాత ఏ శుక్రవారమూ ఆ తెర నల్లబడలేదు. మిల్లు గుమస్తా పని ఇంకెవరికో ఇచ్చేశారు. అత్తని భలే మాయ చేశానని ఏళ్ళ తరబడి లోలోపల మురిసిపోయాను.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో, ఫోన్లోనే జనాల కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం చేస్తున్నాను. తెర రావట్లేదని ఎవరు మొరపెట్టుకున్నా, ముందు ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా వెనకాల దుమ్ము తుడిచారా అని అడుగుతాను. చాలామంది కోప్పడతారు, కొంతమంది కాసేపాగి నవ్వుతారు. మొన్నామధ్య సెలవుకి వెళితే బావ దగ్గర కొత్త యంత్రం ఉంది. మన పాత డబ్బా అత్త గదిలో చేరి ఆవిడకి హారతి పాటలు వినిపిస్తోంది. శుక్రవారం కావడంతో అత్త దాన్ని తిప్పి తుడుస్తోంది. చిలిపితనం ఊరుకోనివ్వక, తీగ ఏ కన్నంలో పెట్టాలో జ్ఞాపకముందా అత్తా అని ఆట పట్టించబోయాను.

"కింద కన్నంలోరా. నువ్వు బొట్టు మార్సిన కాణ్ణుంచీ కిందే ఎడతన్నాను గదా" అంది, తుడవడం ఆపకుండా.

ఎలా తెలుసని గొణిగాను. "నానెట్టిన బొట్టు నాకు తెలవదేటి? నాది ఉంగరమేలు బొట్టు. నువ్వు బొటనేలుతో పామినావు, సేపకి పసుపు పామినట్టు." మరి అప్పుడే ఎందుకనలేదని అడిగాను. అత్త తీగని నొక్కి, డబ్బాని ముందుకి తిప్పి, అప్పుడు నా మొహంలోకి చూసింది. "అంటే మీ బావ నవ్వుతాడు, నవ్వి నిన్ను మిల్లుకి తోలేత్తాడు. నీ సదువు మీద నీకైనా నమ్మకం ఉండాలి గదరా గుంటడా. సరేగానీ, శుక్రారంపూట వచ్చినావు, కొబ్బరికాయ తెచ్చినావేటి?"

తేలేదు. సంచీ తీసుకుని బజారుకి బయల్దేరాను. ఆ రోజు మూలన నంగనాచిలా కూర్చుని, ఎవరూ చూడలేదనుకున్న ఆ కుర్రాడు దారి పొడుగునా జ్ఞాపకం వస్తూనే ఉన్నాడు. వాణ్ణి చూసి నవ్వుకుంటూనే కాయ బేరం చేశాను.