పదిహేడో నంబరు బేరర్

మా అమ్మాయి సంబంధం మాట్లాడడానికి అబ్బాయి తండ్రి ఈ రోజు మమ్మల్ని ఢిల్లీలోని తమ క్లబ్బుకి భోజనానికి పిలిచారు. అదే క్లబ్బులో మా నాన్న డెబ్బై నాలుగు నుంచి ఎనభై ఆరు దాకా బేరర్. అప్పట్లో బేరర్లని జేబు మీది ఇత్తడి బిళ్ల నంబరుతోనే పిలిచేవారు. నేను వెనక క్వార్టర్లలో పెరిగాను. లాన్‌లో అడుగు పెడితే నాన్న ఉద్యోగం పోతుందని అమ్మ భయపెట్టేది. ఈ రోజు ముందు గేటు నుంచి వెళ్లినా, కాళ్లు లాన్‌ని తప్పించుకునే నడిచాయి.

సూపు రాగానే అబ్బాయి తండ్రి అడిగారు. "మా డాడీ ఇక్కడ మెంబరండీ. చిన్నప్పుడు నా సండేలన్నీ ఇక్కడే. మీకు ఈ క్లబ్బు కొత్తా?"

చెప్పొద్దని మా ఆవిడ బల్ల కింద నా చెయ్యి నొక్కింది. అమ్మాయి తల ఎత్తలేదు.

"కొత్త కాదండి. మా నాన్న ఇక్కడ బేరర్. పదిహేడో నంబరు."

ఆయన చెంచా కింద పెట్టేశారు.

"సత్రహ్ నంబరా? నా ఆమ్లెట్‌లో పచ్చిమిర్చి ఏరేసి తెచ్చేవారు. ఆయన పేరేంటండీ?"

"దేవసహాయం."

ఆ పేరు ఆయన నెమ్మదిగా ఒకసారి అనుకున్నారు.

సంబంధం సంగతి తేలలేదు. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నాకు గుర్తుండిపోయింది మాత్రం వేరే. చివర్లో నీళ్ల కోసం బేరర్‌ని పిలవబోయి, ఆయన ఎత్తిన చెయ్యి దించేశారు. అతని పేరు ఆయనకి తెలియదు. గంటన్నరగా అతను వడ్డిస్తుంటే తింటున్న నేనూ అడగలేదు.

మీరెప్పుడైనా అడిగారా?