మా పడకగదిలో నైవేద్యం వేళ

అక్కాతమ్ముళ్ల మధ్య ప్రేమ పెంచబోయి, కన్నతల్లిని బిడ్డ గది బయట క్యూలో నిలబెట్టిన మహానుభావుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే.

మాది తిరుపతి. మా ఇంటికొచ్చే చుట్టాలందరూ కొండెక్కి దిగి, రెండో రోజుకల్లా బస్సెక్కేస్తారు. అందుకే తమ్ముడు పుట్టిన నెలకు మా ఐదేళ్ల హాసిని న్యాయమైన ప్రశ్నే వేసింది: "నాయనా, వీడు దర్శనం సేసుకోని పొయ్యేదెప్పుడు?"

డిగ్రీలో నేను సైకాలజీ చదివాను. అత్తెసరు మార్కులతో పాసయ్యాను కూడా. ఆ అర్హతతో, ఇద్దరినీ ఆటతో కలపాలని తేల్చేశాను. పడకగది గుడి, ఉయ్యాల్లో చిన్నోడు స్వామి, హాసిని పూజారి. అచ్చం నిజంలా ఉండాలని స్వామి ముందు పళ్లెంలో లడ్డు పెట్టాను. "నైవేద్యం వేళకు తలుపులేస్తారమ్మా. ఎవరొచ్చినా తీయరు" అని నియమాలూ నేనే నేర్పాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లోనే రచ్చకు ముహూర్తం పెట్టి, కాఫీకి వెళ్లాను.

వెనక కింది గడియ పడిన చప్పుడు. లోపల చిన్నోడు ఏడుపు అందుకున్నాడు.

మా ఆవిడ సుజాత తలుపు తట్టింది. "పాపా, తియ్యమ్మా. తమ్ముడికి పాలియ్యాల."

"ఇప్పుడు తీసేదిల్యా. స్వామికి నైవేద్యం పెడతా ఉండా."

"ఏం నైవేద్యమే?"

"లడ్డు!"

సుజాత నా వైపు తిరిగింది. ఆ చూపుకు ఫ్రిజ్‌లోని పాలు కూడా విరిగి ఉంటాయి. "నెల బిడ్డ ముందర లడ్డు పెట్టినావా? జీడిపప్పు గొంతుకు అడ్డం పడితే?"

"ఆట సహజంగా ఉండాలని..."

"బిడ్డకేమన్నా అయిందో, నీ ఎముకలిరిగి, నిన్ను పుత్తూరు కట్టుకు ఎత్తుకోని పోవాల్సొస్తాది అల్లుడా" అంది, బాలింత సాయానికి వచ్చిన మా అత్త.

అంతలో ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఏడుపు ఎంత మంచి శబ్దమో నాకు అప్పుడు తెలిసింది. పరుగెత్తి భుజంతో తలుపును ఢీకొట్టాను. తలుపు కదల్లేదు, భుజం కదిలింది.

"పాపా! నేను, నాయన్ని! తియ్యమ్మా!"

"ఎవురైనా లైన్లో రావాల. గోవింద సెప్పాల."

నిలబడ్డాం. ముందు సుజాత, తర్వాత అత్త, చివర ముద్దాయి. "గోవిందా! గోవిందా!" వీధి చివరి వరకూ వినిపించేలా అరిచాం. అంత భక్తితో నేను కొండమీద కూడా అరిచి ఎరగను.

గడియ తీసిన చప్పుడు వినగానే సుజాత లోపలికి దూకింది. పళ్లెం ఖాళీ. చిన్నోడు కళ్లు మూసుకుని ఉన్నాడు. సుజాత వాడి నోట్లో వేలు పెట్టి చూసింది. ఏమీ లేదు. వాడు ఆ వేలినే చప్పరించడం మొదలెట్టాడు.

"ఏడ్సినాడని ఊపినా. నిద్దరపొయినాడు" అంది హాసిని.

"మరి లడ్డు యాడే?"

హాసిని మూతి తుడుచుకుంది. "స్వామి యాడన్నా తింటాడా మా? సూపిచ్చి మనమే తినాల గదా!"

ఆ ఖాళీ పళ్లెం సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఈ ఇంట్లో ఏ ఆట మొదలైనా నేను ఉత్త భక్తుణ్ణే. నియమాల జోలికి పోను, సైకాలజీ జోలికి అసలే పోను.

ప్రమాణం పూర్తికాకముందే హాసిని ఉయ్యాలకు అడ్డంగా నిలబడి, నా నడుం మీద చెయ్యేసి తోసింది.

"సూసింది సాలు నాయనా. జరుగు, జరుగు!"